మొదటి పుస్తకం మాత్రం రిజర్వ్ కాదు: ఒక లైబ్రరీ కేటలాగ్ కేస్ స్టడీ

ఫిర్యాదు మా దాకా వచ్చేసరికి ఒక్క వాక్యమే మిగిలింది: "రిజర్వ్ బటన్ ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చెయ్యదు." వెబ్ పని చేసేవాళ్లకి ఇంతకంటే చిరాకు తెప్పించే మాట ఉండదు. అసలు పనిచెయ్యదంటే వెతకడం తేలిక. ఒకసారి అంటే ఎప్పుడు? ఏ బ్రౌజర్‌లో? కౌంటర్‌లో కూర్చునే ఆవిడ తన కంప్యూటర్‌లో ఏదో పదం కొట్టి, జాబితాలో కాస్త కిందున్న పుస్తకం మీద నొక్కి చూపించారు. పనిచేసింది. "నాకొస్తోందండీ, వాళ్లకే రావట్లేదు" అన్నారు. నేను నాలుగు బ్రౌజర్లలో చూశాను. నాకూ వచ్చింది. ఫిర్యాదు మూసేశాం.

వారం తిరక్కుండా మళ్లీ అదే. ఈసారి పాఠకుడు తను ఏం వెతికాడో కూడా రాశాడు: పుస్తకం పూర్తి పేరు, పక్కన రచయిత పేరు. అది కొడితే ఒకే ఒక్క ఫలితం వస్తుంది. దాని రిజర్వ్ బటన్ నొక్కితే "జాబితాలో చేర్చడానికి మీరు ఏ పుస్తకాన్నీ ఎంచుకోలేదు" అని వచ్చింది. రిజర్వ్‌కీ జాబితాకీ ఏం సంబంధం? అప్పుడు పెద్ద జాబితా ఒకటి తెప్పించి మొట్టమొదటి పుస్తకం మీద నొక్కాను. అదే మెసేజ్. రెండోది నొక్కితే రిజర్వ్ అయింది. మూడోది, పదోది, ఇరవయ్యోది, అన్నీ అయ్యాయి. మొదటిది మాత్రం క్రోమ్‌లో కాలేదు, ఫైర్‌ఫాక్స్‌లో కాలేదు, సఫారీలోనూ కాలేదు.

పేరు తెలిసి వెతికేవాళ్లకి కావలసింది మామూలుగా మొదటి ఫలితమే. అంటే కేటలాగ్ వాడటం బాగా వచ్చినవాళ్లకే అది పనిచెయ్యకుండా పోయింది. ఊరికే కింద నుంచి ఏదో ఒకటి నొక్కి పరీక్షించే మాలాంటి వాళ్లకి మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

ఫారం లోపల ఫారం

ఫలితాల పేజీ మొత్తాన్ని చుట్టి ఒక ఫారం, అంటే పాఠకుడు ఎంచుకున్నదాన్ని సర్వర్‌కి పంపే భాగం, ఉంది. కావలసిన పుస్తకాలకి టిక్ పెట్టి, పైనున్న "జాబితాలో చేర్చు" నొక్కడానికి. అది మేం వాడే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీతో వచ్చింది. దాని లోపల ఒక్కో పుస్తకానికి ఒక్కో చిన్న ఫారం ఉంది, రిజర్వ్ బటన్ కోసం. అది తర్వాత చేర్చింది. చేర్చింది వేరెవరో కాదు, నేనే. అప్పట్లో నేను పరీక్షించింది కూడా రెండో పుస్తకం మీదో మూడో పుస్తకం మీదో అయ్యుంటుంది.

వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో ఒక ఫారం లోపల ఇంకో ఫారం ఉండకూడదు. పొరపాటున ఉంటే బ్రౌజర్ ఏం చెయ్యాలో కూడా ప్రమాణంలోనే రాసి ఉంది. ఒక ఫారం తెరిచి ఉండగా ఇంకో ఫారం ట్యాగ్ (పేజీలో ఒక భాగం మొదలు, ముగింపు చెప్పే గుర్తు) కనిపిస్తే దాన్ని లేనట్టే వదిలెయ్యాలి. ఆ తర్వాత ఫారం ముగింపు ట్యాగ్ వస్తే, తెరిచి ఉన్న ఫారం అక్కడితో అయిపోయినట్టు లెక్క. దీన్ని మా పేజీకి వర్తింపజేసి చూడండి. పెద్ద ఫారం తెరుచుకుంది. మొదటి పుస్తకం దగ్గర చిన్న ఫారం ట్యాగ్ వచ్చింది, బ్రౌజర్ దాన్ని పట్టించుకోలేదు. కాబట్టి మొదటి రిజర్వ్ బటన్ పెద్ద ఫారానికి చెందింది. నొక్కితే జాబితా ఫారం వెళ్తుంది, టిక్కులేమీ లేవు గనుక ఆ వింత మెసేజ్ వస్తుంది. చిన్న ఫారం ముగింపు ట్యాగ్ పెద్ద ఫారాన్ని మూసేసింది. రెండో పుస్తకం దగ్గరికి వచ్చేసరికి తెరిచి ఉన్న ఫారమే లేదు, కాబట్టి అక్కడి చిన్న ఫారం చక్కగా తెరుచుకుంది. ఆ కిందవన్నీ అంతే.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. 1999 చివర్లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4.01 పేజీ ఎలా రాయాలో చెప్పింది గానీ, తప్పుగా రాస్తే బ్రౌజర్ ఏం చెయ్యాలో వివరంగా చెప్పలేదు. ఎవరికి తోచినట్టు వాళ్లు సర్దుకున్నారు. అందుకే ఆ రోజుల్లో ఒకే పేజీ ఒక బ్రౌజర్‌లో ఒకలా, ఇంకో దాంట్లో ఇంకోలా కనిపించేది. హెచ్‌టీఎంఎల్5 పని మొదలయ్యాక తప్పుడు కోడ్‌ని చదివే పద్ధతిని కూడా అడుగడుగునా రాసిపెట్టారు. 2011లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 4 ఆ పద్ధతితోనే వచ్చింది, మిగతావీ ఆ దారిలోకే వచ్చాయి. ఫలితం ఏమిటంటే, ఈ రోజు తప్పు కూడా అన్ని బ్రౌజర్లలో ఒకేలా జరుగుతుంది. నాలుగు బ్రౌజర్లలో చూసినా నాకు తేడా కనబడకపోవడానికి కారణం అదే. ఇలాంటిది బ్రౌజర్లు మార్చి చూస్తే దొరకదు, కోడ్‌లో తప్పులు వెతికే వాలిడేటర్‌కి ఇస్తే క్షణంలో దొరుకుతుంది. దీనికి పూర్తిగా ఎదురు రకం కూడా ఉంది: వాలిడేటర్ ఒక్క తప్పూ చూపించదు, బ్రౌజర్ మారితే పేజీ పనిచెయ్యదు. మాకు రెండు రకాలూ తగిలాయి. ఈ రెండింటినీ విడివిడి పనులుగా చూడటం మొదలుపెట్టాకే మా పని ముందుకు కదిలింది.

రిజర్వ్ సంగతి ముందు ముగిస్తాను. బటన్‌ని ఏ ఫారానికి కట్టాలో ట్యాగ్‌లో రాసే ఒక ఆట్రిబ్యూట్‌తో చెప్పే వీలుంది, దాన్ని వాడొచ్చు. మేం అంత దూరం పోలేదు. ఎలాగూ "ఈ పుస్తకాన్ని రిజర్వ్ చెయ్యాలా" అని అడిగే నిర్ధారణ పేజీ ఒకటి ఉంది. అక్కడికి తీసుకెళ్లడానికి ఫారం ఎందుకు, మామూలు లింకు చాలు. చిన్న ఫారాలన్నీ తీసేసి లింకులు పెట్టాం. అసలు రిజర్వేషన్ నిర్ధారణ పేజీలోని ఫారంతో జరుగుతుంది.

తప్పులు ఎవరివి

ఈ ఒక్క దెబ్బతో మొత్తం కేటలాగ్‌ని వాలిడేటర్‌కి ఇవ్వాలని నిర్ణయించాం. వాడింది ను హెచ్‌టీఎంఎల్ చెకర్. దాన్ని మన కంప్యూటర్‌లోనే నడుపుకోవచ్చు. కేటలాగ్‌కి ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే పాఠకుడి ఖాతా, బకాయిలు, రిజర్వేషన్లు లాంటి పేజీలు లాగిన్ వెనక ఉంటాయి, బయటి వాలిడేటర్‌కి వాటి చిరునామా ఇచ్చి లాభం లేదు.

పేజీని ఎలా పట్టుకుని ఇస్తామన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మొదటి రెండు రోజులు మేం పోగొట్టుకున్నది అక్కడే. బ్రౌజర్‌లో "సేవ్ యాజ్" కొట్టి దాచుకున్న ఫైలుని చెకర్‌కి ఇచ్చాం. ఫారం తప్పు కనబడలేదు! పూర్తి పేజీగా సేవ్ చేస్తే చాలాసార్లు బ్రౌజర్ తను సర్దుకున్న రూపాన్నే దాస్తుంది, సర్వర్ పంపింది పంపినట్టు కాదు. ఇన్‌స్పెక్ట్‌లో కనిపించేదీ సర్దుకున్న రూపమే. సర్వర్ పంపింది కావాలంటే వ్యూ సోర్స్ చూడాలి, లేదా కర్ల్ లాంటి దానితో నేరుగా తెచ్చుకోవాలి. మేం లాగిన్ కుకీ ఇచ్చి కర్ల్‌తో తెచ్చుకున్నాం.

ఏ పేజీలు చూడాలన్నది ఇంకో ప్రశ్న. కేటలాగ్‌లో ఎన్ని రికార్డులుంటే అన్ని పేజీలు, అన్నీ చూడలేం. కానీ ఆ పేజీలని తయారుచేసే అచ్చులు, అంటే టెంప్లేట్లు, కొన్నే. ఒక్కో టెంప్లేట్‌కి కష్టమైన రికార్డుని వెతికి పెట్టుకున్నాం. ఫలితాలు సున్నా వచ్చే వెతుకులాట, ఒకటి వచ్చేది, చాలా వచ్చేది. ఏళ్ల తరబడి సంచికలున్న ఒక పత్రిక. చాలా సంపుటాలున్న గ్రంథం. లింకు మాత్రమే ఉన్న ఈ-పుస్తకం. రెండు లిపుల్లో శీర్షిక ఉన్నది. లాగిన్ తప్పిన పేజీ. అన్నిటికంటే చెత్తగా ఉన్నది సున్నా ఫలితాల పేజీ. అది ఎవరూ చూడరు, చూసినవాళ్లు వెంటనే వెళ్లిపోతారు, అందుకే ఏ ట్యాగూ సరిగా మూసి లేదు.

చెకర్ ఇచ్చిన తప్పుల సంఖ్య చూసి బెదిరిపోవలసిన పనిలేదు. పేజీకి 20 పుస్తకాలు చూపిస్తే, ఒక్కో పుస్తకం వరసలో 4 తప్పులుంటే చెకర్ 80 చూపిస్తుంది. నిజానికి సరిచెయ్యవలసినవి నాలుగే. మేం సంఖ్యని పక్కన పెట్టి ప్రతి తప్పుకీ ఒకటే ప్రశ్న వేసుకున్నాం: ఇది ఎక్కడ పుట్టింది? జవాబులు నాలుగు రకాలుగా వచ్చాయి. ప్యాకేజీ టెంప్లేట్‌లో పుట్టినవి, వాటిని మేం ముట్టుకోలేం, తయారుచేసినవాళ్లకి రాయాలి. మేం చేర్చిన కోడ్‌లో పుట్టినవి. పుస్తకం రికార్డులోనే ఉన్నవి. ముఖచిత్రాలు, సమీక్షలు తెచ్చే బయటి స్క్రిప్టులతో వచ్చినవి. మొదట్లో అందరం ప్యాకేజీనే తిట్టుకున్నాం. లెక్క తేలాక చూస్తే ఎక్కువ మావే.

డాక్‌టైప్ సరిచేస్తే పేజీ చెడింది

ఫలితాల పేజీలో పట్టికల అక్షరాలు మిగతా పేజీలకంటే పెద్దగా ఉంటాయని చాన్నాళ్ల కింద ఎవరో గమనించి, పేజీ రూపం చెప్పే సీఎస్‌ఎస్‌లో ఆ పట్టికలకి 0.875 రెట్లు అని చిన్న సైజు పెట్టారు. సమస్య తీరిపోయింది, మర్చిపోయారు. అసలు సంగతి ఏమిటంటే, ఆ ఒక్క పేజీలో డాక్‌టైప్‌కి, అంటే ఇది ఏ రకం పేజీయో బ్రౌజర్‌కి చెప్పే మొదటి వరసకి, ముందు ఒక స్టైల్ ట్యాగ్ పడుతోంది. మేం ప్రకటనలకోసం వాడే పెట్టెలో అతికించిన ముక్క అది. డాక్‌టైప్‌కి ముందు ఖాళీలో, వ్యాఖ్యో తప్ప ఇంకేం వచ్చినా బ్రౌజర్ పేజీని క్విర్క్స్ మోడ్‌లో పెడుతుంది. తర్వాత వచ్చే డాక్‌టైప్‌ని పట్టించుకోదు.

క్విర్క్స్ మోడ్ అంటే పాతకాలం పేజీలు చెడిపోకుండా ఉంచడానికి బ్రౌజర్లు దాచిపెట్టుకున్న పాత ప్రవర్తన. అందులో పట్టికలు బాడీకి, అంటే పేజీ మొత్తానికి, పెట్టిన అక్షరాల సైజుని తీసుకోవు. మా బాడీ సైజు 14 పిక్సెళ్లు. పట్టికలు మాత్రం బ్రౌజర్ సొంత సైజు 16కి వెళ్లేవి. 16ని 0.875తో గుణిస్తే 14. ఎవరో సరిగ్గానే లెక్కేశారు, తప్పు కారణానికి సరైన లెక్క. మేం స్టైల్ ట్యాగ్‌ని దాని చోటుకి మార్చగానే పట్టికలు 14ని తీసుకున్నాయి, దాని మీద 0.875 పడి అక్షరాలు 12.25కి చిక్కిపోయాయి. అంతేకాదు, క్విర్క్స్ మోడ్‌లో క్లాస్ పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడరు. మామూలు మోడ్‌లో చూస్తారు. టెంప్లేట్‌లో ఒకలా, సీఎస్‌ఎస్‌లో ఇంకోలా రాసిన పేర్లన్నీ ఒక్కసారిగా పనిచెయ్యడం మానేశాయి. ఆ సాయంత్రం టెన్షన్ అంతా ఇంతా కాదు. "ప్రమాణాల ప్రకారం మార్చాం" అని చెప్పిన రోజే పేజీ అందరికీ అందవికారంగా కనిపించింది.

పేజీ ఏ మోడ్‌లో ఉందో తెలుసుకోవడానికి బ్రౌజర్ కన్సోల్‌లో డాక్యుమెంట్ కంపాట్‌మోడ్ అడిగితే చెప్పేస్తుంది. ఈ పని మొట్టమొదట చెయ్యాలి. డాక్‌టైప్ మారితే పేజీ కింద నేలే మారుతుంది. అది తేల్చకుండా మిగతా సీఎస్‌ఎస్ దిద్దడం దండగ. మేం డాక్‌టైప్ మార్పుని వెనక్కి తీసుకుని, పాత సర్దుబాట్లన్నీ వెతికి తీసేసి, రెండూ కలిపి మళ్లీ పెట్టాం.

చిన్నవి గబగబా

ఒకే ఐడీ ఇరవైసార్లు: ప్రతి వరసలోని టిక్ పెట్టెకీ ఒకే ఐడీ ఉంది. ఐడీ అంటే పేజీలో ఒక్కదానికే ఉండాల్సిన పేరు. ఐదో పుస్తకం పేరు మీద నొక్కితే మొదటి పుస్తకానికి టిక్ పడేది, ఎందుకంటే లేబుల్ ఆ ఐడీ ఉన్న మొదటి దాన్నే వెతుక్కుంటుంది. ఐడీ చివర రికార్డు నంబర్ చేర్చాం.

పట్టిక లోపల, ఏ గడిలోనూ లేకుండా రాసిన "కాపీలు లేవు" అనే మాట ఎగిరి పట్టిక పైకి వెళ్లిపోయేది. ఇదీ ప్రమాణంలో ఉన్న పద్ధతే: పట్టికలో గడి బయట పడ్డ మాటని బ్రౌజర్ పట్టిక ముందుకి తోసేస్తుంది. గడిలో పెట్టాం, కుదిరింది.

ఇంకోటి కాస్త వినోదంగా ఉంటుంది. ఫలితాల జాబితాలో మొదటి ఈ-పుస్తకం దాటాక కింద ఉన్నదంతా ఇటాలిక్స్‌లోకి మారిపోయేది. రికార్డుల నుంచి పేజీని తయారుచేసే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఫైలు ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో అవుట్‌పుట్ ఇస్తోంది. ఆ పద్ధతిలో లోపల ఏమీ లేని ట్యాగ్‌ని తనంతట తానే మూసుకున్నట్టు చివర గీతతో రాస్తారు. ఈ-పుస్తకం బొమ్మ కోసం పెట్టిన ఖాళీ ఐ ట్యాగ్ అలాగే వచ్చింది. హెచ్‌టీఎంఎల్‌లో ఆ గీతకి విలువ లేదు, ట్యాగ్ తెరిచే ఉంటుంది. పైగా ఐ, బీ లాంటి ట్యాగులని ఎవరూ మూయకపోతే బ్రౌజర్ వాటిని ఒక పేరా నుంచి ఇంకో పేరాకి మోసుకుపోతుంది. అవుట్‌పుట్ పద్ధతిని హెచ్‌టీఎంఎల్‌కి మార్చడం ఒక్క మాట పని. ఆ ఒక్క మాట దొరకడానికి ఒక పూట పట్టింది.

రికార్డుల్లో ఉన్న తప్పులు

అసలు లోతు ఇక్కడుంది. వెబ్ పని చేసేవాళ్లకి కేటలాగింగ్ తెలియదు, కేటలాగర్లకి హెచ్‌టీఎంఎల్ తెలియదు, తప్పు సరిగ్గా ఆ మధ్యలో కూర్చుంటుంది.

మొదట ఆంపర్‌శాండ్. శీర్షికల్లో & గుర్తు బోలెడు. దాన్ని పేజీలో పెట్టేటప్పుడు హెచ్‌టీఎంఎల్‌కి తగ్గట్టు మార్చి రాయాలి, మా కోడ్ మార్చడం లేదు. అంతకంటే ఘోరం, పాఠకుడు వెతికిన మాటని "మీరు వెతికింది" అంటూ యథాతథంగా పేజీలో తిరిగి చూపిస్తోంది. అందులో స్క్రిప్ట్ ట్యాగ్ రాస్తే అది నడుస్తుంది. చెకర్ దీన్ని మామూలు తప్పుగా చూపించింది గానీ ఇది భద్రతా లోపం. అన్నిటికంటే ముందు దాన్ని ఆ రోజే మూసేశాం.

శీర్షికలన్నిటినీ మార్చి రాయడం మొదలుపెట్టాక కొన్ని ఈ-పుస్తకాల పేర్లలో & పక్కన "ఏఎంపీ" అనే మూడు అక్షరాలు, సెమికోలన్ కనిపించడం మొదలైంది. కేటలాగర్లు పరుగెత్తుకొచ్చారు. చూస్తే, సరఫరాదారు పంపిన ఆ రికార్డుల్లో శీర్షిక ఫీల్డు 245లోనే హెచ్‌టీఎంఎల్ రూపం నిల్వై ఉంది. ఇన్నాళ్లూ పేజీలో మార్చి రాయకపోవడం వల్ల ఆ తప్పు కనబడకుండా పోయింది. ఒక తప్పు ఇంకో తప్పుని కప్పి ఉంచింది. "పాత పద్ధతే బాగుంది, వెనక్కి తీసెయ్యండి" అన్న ఒత్తిడి గట్టిగానే వచ్చింది. ఒప్పుకోలేదు. రికార్డుల్లోనే దిద్దాలి, ఎందుకంటే అదే రికార్డు రేపు ఇంకో లైబ్రరీకి వెళ్తుంది, ప్రింట్ అవుతుంది, అక్కడ హెచ్‌టీఎంఎల్ ఉండదు. కేటలాగింగ్ వాళ్లు ఆ బ్యాచ్ మొత్తాన్ని ఎగుమతి చేసి, దిద్ది, మళ్లీ ఎక్కించారు.

తర్వాత అక్షరాల ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలని అంకెలుగా దాచే పద్ధతి. లైబ్రరీ రికార్డులు రాసే పద్ధతి మార్క్ 21లో, రికార్డు మొదటి భాగమైన లీడర్‌లో 09వ స్థానం ఖాళీగా ఉంటే అది పాత మార్క్-8 ఎన్‌కోడింగ్, చిన్న ఏ అక్షరం ఉంటే యూనికోడ్. లోపల యూనికోడ్ ఉండి, 09 ఖాళీగా ఉన్న రికార్డులు వస్తే ప్యాకేజీ దాన్ని మార్క్-8 అనుకుని మళ్లీ మారుస్తుంది, ఒక అక్షరం చోట రెండు మూడు వింత అక్షరాలు పడతాయి. ఇంకో చిక్కు: మార్క్-8లో అక్షరం మీది గీత, కింది చుక్క లాంటి గుర్తులు అక్షరానికి ముందు వస్తాయి. యూనికోడ్‌లో అక్షరం తర్వాత వస్తాయి. వరస తిప్పకుండా మార్చిన రికార్డుల్లో గుర్తు పక్క అక్షరం మీదికి జరిగిపోతుంది. భారతీయ భాషల పుస్తకాల పేర్లని రోమన్ లిపిలో రాసినప్పుడు ఈ గుర్తులు అడుగడుగునా ఉంటాయి, కాబట్టి దెబ్బ వాటికే ఎక్కువ. వరస సరిగా ఉన్నా, విడివిడిగా నిల్వ చేసిన అక్షరాన్నీ గుర్తునీ కొన్ని ఫాంట్లు కలిపి చక్కగా గీయలేవు. పేజీకి పంపేముందు రెండిటినీ ఒకే అక్షరంగా కలిపే ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మార్చాం. బ్రౌజర్ల మధ్య కనిపించిన చాలా తేడాలు దాంతో పోయాయి.

మూడోది భాష కోడ్. ఏ భాషో చెప్తే, పేజీని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ తగిన గొంతుతో చదువుతుంది, బ్రౌజర్ తగిన ఫాంట్ ఎంచుకుంటుంది. రికార్డులో 008 ఫీల్డు 35 నుంచి 37 స్థానాల్లో భాష కోడ్ ఉంది కదా అని దాన్ని నేరుగా, భాష ఏదో చెప్పే ల్యాంగ్ ఆట్రిబ్యూట్‌లో పెట్టేశాం. చెకర్ ఒప్పుకోలేదు. మార్క్ కోడ్ మూడక్షరాలది, వెబ్‌లో రెండక్షరాల కోడ్ ఉన్న భాషకి అదే వాడాలి. తెలుగుకి మార్క్‌లో టీ-ఈ-ఎల్, వెబ్‌లో టీ-ఈ. జర్మన్‌కి మార్క్‌లో జీ-ఈ-ఆర్, వెబ్‌లో డీ-ఈ, చివర కోసేస్తే సరిపోతుందనుకుంటే కుదరదు. మార్పిడి పట్టిక ఒకటి రాసుకున్నాం.

అక్కడితో అయిపోలేదు. తెలుగు పుస్తకం రికార్డులో 245లో రోమన్ లిపి శీర్షిక, 880లో తెలుగు లిపి శీర్షిక ఉంటాయి. రెండింటికీ ఒకే కోడ్ పెడితే రోమన్ అక్షరాలని తెలుగు గొంతు చదవబోతుంది. రోమన్ దానికి భాష కోడ్ తర్వాత లిపి కోడ్ కూడా చేర్చాం. కుడి నుంచి ఎడమకి రాసే లిపుల శీర్షికల్లో కేటలాగింగ్ చిహ్నాలు, అంటే రచయిత పేరుకి ముందు వచ్చే ఏటవాలు గీత లాంటివి, గెంతి వేరే చివరకి వెళ్లేవి. శీర్షికని చుట్టూ ఉన్న రాత దిశ నుంచి విడదీసే బీడీఐ ట్యాగ్‌లో పెట్టాక కుదుటపడ్డాయి. తెలుగు శీర్షికలకి ఇంకో మామూలు గొడవ: వరస ఎత్తు పిక్సెళ్లలో బిగించి, మిగిలింది దాచెయ్యమని సీఎస్‌ఎస్‌లో ఉంటే వత్తులు సగం తెగిపోతాయి. ఇంగ్లిష్ శీర్షికలతో పరీక్షించినవాళ్లకి ఇది ఎప్పటికీ కనబడదు.

చివరగా శాశ్వత లింకు. పుస్తకం పేజీ అడుగున "ఈ పేజీ చిరునామా" అని లింకుని మాటగా చూపించేవాళ్లం, పాఠకులు కాపీ చేసుకోవడానికి. కొందరు పంపిన లింకులు తెరుచుకునేవి కావు, వాటి మధ్యలో © గుర్తు ఉండేది. చిరునామాలో & తర్వాత కాపీ నంబర్ కోసం "కాపీ" అనే ఇంగ్లిష్ మాట, ఆ తర్వాత సమానం గుర్తు ఉన్నాయి. హెచ్‌టీఎంఎల్‌లో & పక్కన ఆ మాట వస్తే కాపీరైట్ గుర్తు అని అర్థం, సెమికోలన్ లేకపోయినా సరే. లింకు ట్యాగ్‌లో ఉన్న చిరునామాకి బ్రౌజర్ కాస్త మినహాయింపు ఇస్తుంది, అందుకే నొక్కితే తెరుచుకునేది. మాటగా చూపించినప్పుడు ఆ మినహాయింపు లేదు, కాపీ చేసుకుంటే పాడయ్యేది. నొక్కి పరీక్షించిన మాకు ఏ తప్పూ కనబడలేదు, మళ్లీ అదే కథ.

వాలిడేటర్‌కి కనబడనివి

ఇక రెండో పని. "అన్ని బ్రౌజర్లలో పనిచెయ్యాలి" అని కాగితం మీద రాసుకోవడం తేలిక. మేం సర్వర్ లాగ్ చూసి ఏవి నిజంగా వస్తున్నాయో జాబితా వేసుకున్నాం. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కి 2022 జూన్‌లో మద్దతు ఆగిపోయింది, దాన్ని వదిలేశాం. మరిచిపోయింది మాత్రం మన ఇంట్లోదే: లైబ్రరీ హాల్లో కేటలాగ్ వెతకడానికి పెట్టిన కంప్యూటర్లు. ఎవరూ అప్‌డేట్ చెయ్యకుండా తాళం వేసి ఉంచినవి, బ్రౌజర్ వెర్షన్ పాతబడిపోయింది. కేటలాగ్‌ని అందరికంటే ఎక్కువ వాడేది అవే.

వాటిలో వెతుకు పెట్టె అసలు స్పందించేదే కాదు. జావాస్క్రిప్ట్ ఫైలులో ఒకచోట ప్రశ్నార్థకం, చుక్క కలిపి రాసే కొత్త పద్ధతి వాడాం. బ్రౌజర్లలోకి అది 2020లో వచ్చింది. పాత బ్రౌజర్‌కి అది అర్థం కాకపోతే ఆ ఒక్క వాక్యాన్ని వదిలెయ్యదు, ఫైలు మొత్తాన్ని వదిలేస్తుంది. సీఎస్‌ఎస్ కాస్త దయగలది, తెలియని ప్రాపర్టీని ఒక్కదాన్నే దాటేస్తుంది. కానీ అక్కడా ఒక ఉచ్చు ఉంది. కామాతో కలిపి రాసిన సెలెక్టర్లలో (రూపం దేనికి వర్తించాలో చెప్పే పేర్లు) ఒకటి తెలియకపోతే మొత్తం నియమం పోతుంది. మేం ఫోకస్-విజిబుల్‌ని (కీబోర్డుతో చేరినప్పటి రూపం) హోవర్‌తో (మౌస్ పైన పెట్టినప్పటి రూపం) కలిపి రాశాం. సఫారీకి అది 15.4 వెర్షన్‌లో, 2022లో గానీ రాలేదు, అంతకుముందు వెర్షన్లలో హోవర్ కూడా పోయింది. విడదీసి రాశాం. వెతుకు పెట్టెని స్క్రిప్ట్ లేకుండానే పనిచేసే మామూలు ఫారంగా మార్చాం, స్క్రిప్ట్ వస్తే సూచనలు చూపిస్తుంది, లేకపోతే లేదు.

వెనక్కి బటన్ ఇంకో పెద్ద కథ. కేటలాగ్ వాడేవాళ్లు ఏ సైటులోనూ నొక్కనంతగా బ్యాక్ నొక్కుతారు: పుస్తకం చూడటం, వెనక్కి, ఇంకోటి చూడటం, వెనక్కి. రిజర్వ్ నిర్ధారణ పేజీలో ఒకరు రెండుసార్లు నొక్కకుండా, నొక్కగానే బటన్‌ని స్క్రిప్ట్‌తో ఆపేసేవాళ్లం. వెనక్కి వస్తే సఫారీ పేజీని జ్ఞాపకంలోంచి ఉన్నదున్నట్టు తీసి చూపిస్తుంది, బటన్ ఆగిపోయే ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ అయితే పేజీ మళ్లీ లోడ్ చేసినా బటన్ ఆగి ఉన్న సంగతి గుర్తుపెట్టుకోగలదు. కంప్యూటర్లలోని క్రోమ్‌లో ఇలా జ్ఞాపకంలోంచి తీసే పద్ధతి 2021లో వచ్చింది, కాబట్టి క్రోమ్‌లోనే పరీక్షించి రాసిన పాత కోడ్ ఆ తర్వాత చెడింది, ఎవరూ ఒక్క అక్షరం మార్చకుండానే. పేజీ కనబడిన ప్రతిసారీ బటన్‌ని తిరిగి తెరిచేలా పేజ్‌షో ఈవెంట్‌కి కట్టాం. తర్వాత బుద్ధి వచ్చి, బటన్ ఆపడమే మానేసి, ఒకే అభ్యర్థన రెండుసార్లు వచ్చినా సర్వరే ఒకసారిగా లెక్కేసేలా రాశాం. మొదటే అలా చెయ్యాల్సింది.

ఐఫోన్‌లో వెతుకు పెట్టె మీద వేలు పెట్టగానే పేజీ పెద్దదైపోయేది. పెట్టెలో అక్షరాల సైజు 16 పిక్సెళ్లకంటే తక్కువ ఉంటే అక్కడ సఫారీ జూమ్ చేస్తుంది. 14ని 16 చేశాం.

ముఖచిత్రాల గురించి ఒక మాట. బొమ్మలకి ఆల్ట్, అంటే బొమ్మకి బదులు చదివే మాట, లేదని చెకర్ గోల చేస్తే ఎవరో అన్నిటికీ "ముఖచిత్రం" అని పెట్టేశారు. చెకర్ ఊరుకుంది. స్క్రీన్ రీడర్ వాడే పాఠకుడికి మాత్రం పేజీలో ఇరవైసార్లు "ముఖచిత్రం" అని వినాల్సిన గతి పట్టింది. పక్కనే పుస్తకం పేరుంది, బొమ్మ కొత్తగా చెప్పేదేం లేదు. ఆల్ట్‌ని ఖాళీగా ఉంచాం. కోడ్ తప్పులేకుండా ఉండాలన్న 4.1.1 నిబంధనని వైకల్యం ఉన్నవాళ్లు కూడా వెబ్ వాడగలిగేలా రాసిన మార్గదర్శకాల్లో, 2023 అక్టోబర్‌లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2లో తీసేశారు. తప్పుడు కోడ్‌ని చదివే పద్ధతి బ్రౌజర్లన్నిటికీ ఒకటే అయిపోయాక ఆ నిబంధన అవసరం తీరిందని. దాంతో మాలో కొందరు ఇక వాలిడేటర్ ఎందుకన్నారు. నా లెక్కలో ఆ నిబంధన పోయినా మొదటి పుస్తకం రిజర్వ్ కాకపోవడం పోలేదు.

మిగిలినవి

కొత్త కోడ్ పెట్టేముందు ఆ కష్టమైన రికార్డుల పేజీలన్నీ చెకర్‌కి వెళ్తాయి, కొత్త తప్పు వస్తే పెట్టడం ఆగుతుంది. ప్యాకేజీ తయారుచేసినవాళ్లకి రాసిన వాటిలో కొన్ని తర్వాతి వెర్షన్‌లో సరయ్యాయి, కొన్ని ఇంకా ఉన్నాయి. ముఖచిత్రాల స్క్రిప్ట్ ఇచ్చే తప్పులు మా చేతిలో లేవు, వాటిని గుర్తుపట్టి పక్కన పెట్టమని చెకర్‌కి చెప్పాం.

ఇంకొక్కటి కావాలని వదిలేశాం. ఫలితాల జాబితాకి చుక్కలు తీసేస్తే సఫారీలో ఆపిల్ స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్ దాన్ని జాబితాగా చదవదు, ఎన్ని ఫలితాలున్నాయో చెప్పదు. అందుకని జాబితా ట్యాగ్‌కి మళ్లీ జాబితా అనే రోల్ (ఇది ఏమిటో స్క్రీన్ రీడర్‌కి చెప్పే మాట) రాశాం. అది అనవసరం అని చెకర్ ప్రతిసారీ హెచ్చరిస్తుంది. కొత్తగా చేరిన ఒకబ్బాయి హెచ్చరికలు సున్నా చెయ్యాలన్న ఉత్సాహంతో దాన్ని ఒకసారి తీసేశాడు. తిరిగి పెట్టాం, ఎందుకు పెట్టామో టెంప్లేట్‌లోనే ఒక వ్యాఖ్య రాశాం. వ్యాఖ్యని డాక్‌టైప్ కిందే పెట్టాం.